డిపార్ట్‌మెంట్‌లో టీచింగ్, నాన్-టీచింగ్ ఉమ్మడి కమిటీ ఎలా పెట్టాలి, ఎలా నిలబెట్టాలి

"మా డిపార్ట్‌మెంట్‌లో టీచింగ్ వాళ్లు, ఆఫీసు వాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు ఏదైనా చేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" సర్వీసులో ఉన్నప్పుడు ఏడాదికి ఒకరిద్దరు ఈ మాట అడిగేవారు. సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాక ఇంకా ఎక్కువమంది అడుగుతున్నారు. విశాఖలో సిరిపురం జంక్షన్‌లో కనబడినా అదే, పెళ్లి భోజనాల దగ్గర పక్కన కూర్చున్నా అదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. నేను పనిచేసిన ఒకచోట, పేరు అనవసరం, కొత్త టైమ్‌టేబుల్‌లో ఎంఎస్సీ ప్రాక్టికల్స్ సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకు పెట్టారు. నలుగురు ప్రొఫెసర్లు గంటన్నర కూర్చుని వేసిన టైమ్‌టేబుల్ అది. మొదటి సోమవారం ముప్పైమంది పిల్లలు ఏప్రాన్లు వేసుకొచ్చి నిలబడ్డారు. డిస్టిల్డ్ వాటర్ లేదు. ఆ బిల్డింగ్‌కి ఆదివారం నీళ్లు ఎక్కించరు. సోమవారం తొమ్మిదికి మోటార్ వేస్తే ట్యాంకు నిండి, స్టిల్ (నీళ్లు మరిగించి డిస్టిల్డ్ వాటర్ తీసే పరికరం) వేడెక్కి, మొదటి క్యాన్ నిండేసరికి పదకొండున్నర దాటుతుంది. ల్యాబ్ అటెండర్‌కి ఈ లెక్క కంఠతా వచ్చు, పద్దెనిమిదేళ్లుగా ఆ స్టిల్ కింద క్యాన్ పెడుతున్నది అతనే. "ముందే ఒక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి కదా బాబూ" అన్నాడు నాతో. టైమ్‌టేబుల్ వేసిన రోజు అతను ఆ గదిలోకి వచ్చాడు కూడా. టీ ఇచ్చి వెళ్లాడు.

ఉమ్మడి కమిటీ అంటే నా దృష్టిలో ఇంతే: పని ఎవరి చేతుల మీద జరుగుతుందో వాళ్లను నిర్ణయం కాకముందు అడగడం. నిర్ణయం అయ్యాక సర్క్యులర్ పంపడాన్ని అడగడం అనరు.

ఈ కమిటీతో ఏం అవుతుంది, ఏం కాదు

ఆంధ్రా యూనివర్సిటీ లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలు 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద నడుస్తాయి. పైన పాలక మండలి, అకడమిక్ సెనేట్, బోర్డ్స్ ఆఫ్ స్టడీస్ ఉంటాయి. వాటిలో ఎవరుండాలో చట్టమే చెబుతుంది. మీరూ నేనూ డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని దాన్ని మార్చలేం. పాలక మండలిలో నాన్-టీచింగ్‌కి సీటు కావాలని సంఘాలు అడగడం న్యాయమే, కానీ అది వేరే పోరాటం.

మీ చేతిలో ఉన్నది డిపార్ట్‌మెంట్, మహా అయితే కాలేజీ. రోజువారీ బాధలు చాలావరకు పుట్టేది కూడా అక్కడే: టైమ్‌టేబుల్, ల్యాబ్ వేళలు, ఇండెంట్లు, గది తాళాలు, పరీక్షల డ్యూటీలు, ఆఫీసు కౌంటర్ వేళలు, సెలవుల సర్దుబాటు. వీటికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు. కావాల్సింది అలవాటు.

షేర్డ్ గవర్నెన్స్, అంటే సంస్థను అందరూ కలిసి నడపడం, అనే మాట గురించి ఒక్క ముక్క. ఈ మాట ఎత్తినప్పుడు అందరూ చూపించేది అమెరికాలో ప్రొఫెసర్ల సంఘం 1966లో ఇచ్చిన ప్రకటన. అందులో పాలక మండలికి, యూనివర్సిటీ ప్రెసిడెంట్‌కి, అధ్యాపకులకు విడివిడిగా భాగాలున్నాయి. విద్యార్థుల గురించీ కొంత ఉంది. ఆఫీసు, ల్యాబ్ సిబ్బందికి విడిగా భాగమే లేదు. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టకండి. మనకు కావాల్సినవాళ్లే బయట మిగిలిపోతారు.

కావాల్సినవి

మీటింగుల్లో అనుకున్నవి (మినిట్స్) రాయడానికి పేజీ నంబర్లున్న ఒక లాంగ్ నోట్‌బుక్. ఇది తప్పనిసరి. విడి కాగితాలు ఫైల్లో పెడితే ఆరు నెలల్లో సగం కనబడవు. అందరూ ఒకే ఎత్తు కుర్చీల్లో కూర్చోగలిగే ఒక గది. నెలకు ఒక గంట. ఒప్పుకునే హెడ్, లేదా కనీసం అడ్డం చెప్పని హెడ్. తెలుగులో తప్పుల్లేకుండా రాయగలిగే ఒకరు. నోటీసు బోర్డు మీద రెండు కాగితాలకు సరిపడా జాగా.

డబ్బు అక్కర్లేదు. టీ ఖర్చు మాత్రం డిపార్ట్‌మెంట్ ఖాతాలో రాయకండి, అందరూ తలా ఇంత వేసుకోండి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, టీ బిల్లు మీద ఆడిట్ అభ్యంతరం వస్తే దాన్నే సాకుగా చూపించి కమిటీని మూసేస్తారు.

ఇక చేయాల్సిన పనులు

1. హద్దులు ముందే రాసుకోండి.

ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు కమిటీ మాట్లాడేవి: టైమ్‌టేబుల్, గదులు, ల్యాబ్ సామాను కొనుగోలు వరుస, పరీక్షల పని పంపకం, కౌంటర్ వేళలు, శుభ్రత, భద్రత, తుఫాను జాగ్రత్తలు. కుడివైపు కమిటీ ముట్టుకోనివి: నియామకాలు, ప్రమోషన్లు, జీతాలు, క్రమశిక్షణ చర్యలు, ఎవరి మీదైనా వ్యక్తిగత ఫిర్యాదు, విద్యార్థుల మార్కులు.

కుడివైపు విషయాలకు వేరే దారులున్నాయి. సర్వీసు సంగతులు సంఘాలు చూసుకుంటాయి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు నేరుగా ఇంటర్నల్ కమిటీకి వెళ్లాలి. పొరపాటున కూడా వాటిని ఇక్కడ చర్చకు పెట్టకండి. బాధితురాలి వివరాలు బయటికి పొక్కుతాయి, అది చట్టరీత్యా తప్పు.

జాగ్రత్త: కమిటీ పేరులో బోర్డు, కౌన్సిల్, సెనేట్ అనే మాటలు వాడకండి. అవి చట్టంలో ఉన్న పేర్లు. "డిపార్ట్‌మెంట్ ఉమ్మడి సలహా కమిటీ" అంటే చాలు.

2. హెడ్‌తో ముందు విడిగా మాట్లాడండి.

పదిమంది కలిసి వినతిపత్రం పట్టుకుని వెళ్లకండి. హెడ్‌కి అది ధర్నాలా కనిపిస్తుంది. ఒక టీచరు, ఒక నాన్-టీచింగ్ ఉద్యోగి, ఇద్దరే వెళ్లండి. ఈ ఇద్దరి జంటే సగం పని చేస్తుంది.

హెడ్ మొదట అడిగేది "దీనికి రూల్ ఎక్కడుంది?" అని. మూడు జవాబులు సిద్ధంగా పెట్టుకోండి.

ఒకటి, న్యాక్, అంటే కాలేజీలకు, యూనివర్సిటీలకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ. గుర్తింపు కోసం న్యాక్ చూసే అంశాల్లో పాలన, నిర్వహణ కూడా ఉన్నాయి. అధికార వికేంద్రీకరణ, అందరి భాగస్వామ్యం ఉన్నాయా అని అక్కడ చూస్తారు. మీ మినిట్స్ నోట్‌బుక్కే దానికి రుజువు. న్యాక్ పరిశీలనకు ముందు వారం కంగారుగా కాగితాలు తయారుచేసే పని తప్పుతుంది.

రెండు, ఇలాంటి అమరిక ఇప్పటికే నిబంధనల్లో ఉంది. లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇంటర్నల్ కమిటీలో అధ్యక్షురాలు కాక ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు నాన్-టీచింగ్ ఉద్యోగులు ఉండాలి. మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. అంత సున్నితమైన విషయంలోనే ఇద్దరినీ సరిసమానంగా కూర్చోబెట్టినప్పుడు టైమ్‌టేబుల్ దగ్గర కూర్చోబెట్టడానికి ఏం అడ్డం?

మూడు, హెడ్‌కి భయం లేకుండా చెప్పాల్సిన మాట: "ఇది సలహా కమిటీ సార్. చివరి సంతకం మీదే. కాకపోతే సలహా వద్దనుకుంటే ఎందుకు వద్దో ఒక్క వాక్యం రాయండి." ఈ ఒక్క షరతు మాత్రం వదులుకోకండి. దీని గురించి కింద మళ్లీ చెబుతాను.

ప్రత్యామ్నాయం: హెడ్ ఒప్పుకోకపోతే కమిటీ మాట పక్కన పెట్టి ఒక్క విషయం అడగండి: "ఈసారి టైమ్‌టేబుల్ ఫైనల్ చేసే ముందు ల్యాబ్ వాళ్లకి, ఆఫీసు వాళ్లకి రెండు రోజులు చూపిద్దామా?" దీనికి కాదనేవారిని నేనెప్పుడూ చూడలేదు. ఒక సెమిస్టర్ అలా నడిస్తే రెండో సెమిస్టర్‌కి కమిటీ మాట తేలిగ్గా ఎత్తొచ్చు.

3. సభ్యులను ఎంచుకోండి. హెడ్ ఎంచకూడదు.

ఆరుగురు సరిపోతారు. టీచింగ్ నుంచి ముగ్గురు, నాన్-టీచింగ్ నుంచి ముగ్గురు. టీచింగ్‌లో ఒకరు గెస్ట్ ఫ్యాకల్టీ లేదా కాంట్రాక్ట్ లెక్చరర్ కావాలి. నాన్-టీచింగ్‌లో ఆఫీసు నుంచి ఒకరు, ల్యాబ్ లేదా టెక్నికల్ నుంచి ఒకరు, మూడోవారు అటెండర్, స్వీపర్, వాచ్‌మన్‌లలో ఒకరు. ఈ మూడో సీటు దగ్గరే అందరూ తప్పు చేస్తారు. "వాళ్ల తరఫున సూపరింటెండెంట్ ఉన్నారుగా" అంటారు. నేను సూపరింటెండెంట్‌గా చేసినవాణ్ణే చెబుతున్నాను, వాళ్ల తరఫున నేను మాట్లాడలేను. స్వీపర్‌కి బకెట్ ఏ అంతస్తులో నిండుతుందో నాకు తెలియదు.

చీటీల మీద పేర్లు రాయించి ఎన్నుకోండి. చదవడం రాని వారుంటే పేర్లు చదివి వినిపించి, వేరే గదిలో ఒక్కరొక్కరే వచ్చి చెప్పేలా చూడండి. అందరి ముందు చేతులెత్తించకండి. హెడ్ చూస్తుండగా అటెండర్ చెయ్యి స్వేచ్ఛగా లేవదు.

ఆరుగురిలో కనీసం ఇద్దరు మహిళలుండాలి, ముగ్గురైతే మరీ మంచిది. కాలపరిమితి రెండేళ్లు పెట్టండి. కానీ ఏటా సగం మంది మారాలి. అందరూ ఒకేసారి దిగిపోతే కొత్తవాళ్లు నోట్‌బుక్ తెరిచి చూడటానికే మూడు నెలలు పడుతుంది.

చిన్న డిపార్ట్‌మెంట్ అయి నాన్-టీచింగ్ ఇద్దరే ఉంటే పక్క డిపార్ట్‌మెంట్‌తో కలిసి పెట్టుకోండి. చాలాచోట్ల ఒకే వరండాలో రెండు డిపార్ట్‌మెంట్లు, ఒకటే వాటర్ ట్యాంకు, ఒకరే వాచ్‌మన్. సమస్యలూ ఒకటే.

4. సర్క్యులర్ వేయించండి.

నోటిమాట మీద నడిపితే హెడ్ మారిన రోజే పోతుంది. సర్క్యులర్ ఐదు వాక్యాలు దాటక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"డిపార్ట్‌మెంట్ రోజువారీ నిర్వహణపై సలహా ఇవ్వడానికి టీచింగ్, నాన్-టీచింగ్ సభ్యులతో ఉమ్మడి సలహా కమిటీ ఏర్పాటు చేయడమైనది. సభ్యుల పేర్లు కింద ఇవ్వడమైనది. కమిటీ ప్రతి నెలా రెండో బుధవారం సమావేశమవుతుంది. కమిటీ సలహాపై హెడ్ పది పనిరోజుల్లో రాతపూర్వకంగా జవాబిస్తారు. సమావేశాల మినిట్స్ నోటీసు బోర్డులో ఉంచబడును."

హెడ్ సంతకం, తేదీ, నంబరు. ఒక కాపీ ప్రిన్సిపాల్ ఆఫీసుకి టప్పాల్లో పంపి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. కాలేజీ స్థాయిలో పెడుతుంటే ప్రిన్సిపాల్ ప్రొసీడింగ్స్ (రాతపూర్వక ఉత్తర్వు) తీసుకోండి.

5. వేళ, చోటు, కుర్చీలు.

సాయంత్రం నాలుగున్నరకు మీటింగ్ పెట్టకండి. అనకాపల్లి, విజయనగరం నుంచి వచ్చిపోయేవాళ్లకి రైలో బస్సో పట్టుకునే తొందర ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలున్న ఆడవాళ్ల ప్రాణం గడియారం మీదే ఉంటుంది. పదకొండు నుంచి పన్నెండు మంచి వేళ. కాంట్రాక్టు మీద, రోజుకూలి మీద ఉన్నవాళ్లకి ఆ గంట డ్యూటీ కింద లెక్కేసేలా హెడ్ దగ్గర ముందే రాయించుకోండి. లేకపోతే వాళ్లు రారు, రాలేదని వాళ్లనే అంటారు.

హెడ్ గదిలో పెట్టకండి. పెద్ద బల్ల వెనక హెడ్, ఎదురుగా సోఫాలో ప్రొఫెసర్లు, గోడవార అటెండర్ నిలబడి ఉంటే ఎన్ని సర్క్యులర్లు వేసినా అది ఉమ్మడి కమిటీ కాదు. ఖాళీగా ఉన్న క్లాసురూమ్‌లో ఆరు కుర్చీలు గుండ్రంగా వేయండి. అటెండర్ సభ్యుడు కూర్చునేదాకా ఎవరూ మొదలుపెట్టకండి. మొదటి రెండు మీటింగుల్లో "పర్లేదండి, నేను నిలబడతాను" అంటారు. పర్లేదని వదిలేయకండి, కూర్చోమని మళ్లీ చెప్పండి. ఆ రోజు టీ వేరే ఎవరైనా తేవాలి. సభ్యుడు తేకూడదు.

6. మొదటి ఎజెండా జాగ్రత్తగా ఎంచుకోండి.

మొదటి మీటింగ్‌లో గొడవ రేగే విషయం పెట్టకండి. నాన్-టీచింగ్ వాళ్లకు ప్రొఫెసర్ల కంటే ఎక్కువ తెలిసిన విషయం పెట్టండి. వైజాగ్‌లో అలాంటిది ఒకటి సిద్ధంగా ఉంది: తుఫాను ఏర్పాట్లు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మనం నష్టపోయింది తెలిసినవాళ్లు లేక కాదు, ముందే కూర్చుని మాట్లాడుకోక. నేనున్న చోట కిటికీ పక్కనున్న బీరువాలోని రిజిస్టర్లు మొత్తం తడిసి అట్టలు కట్టుకుపోయాయి. ఆ కిటికీ రెక్క సరిగ్గా పడదని వాచ్‌మన్‌కి రెండేళ్ల ముందు నుంచే తెలుసు. వానాకాలంలో తాడుతో కట్టేది అతనే. ఆ మాట ఎవరికి చెప్పాలో అతనికి తెలియలేదు, ఎవరిని అడగాలో మాకు తెలియలేదు. తర్వాత నేనూ మరో ఇద్దరం ఆ రిజిస్టర్ల పేజీలు ఒక్కొక్కటే విడదీసి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, చదవగలిగినవి తిరగరాశాం. కరెంటు వచ్చాకే ఆ ఫ్యాన్ తిరిగింది, అది రావడానికి రోజులు పట్టింది.

మన తీరంలో పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లలో వస్తాయి. కాబట్టి సెప్టెంబర్ మీటింగ్‌లో ఈ ప్రశ్నలు పెట్టండి: ఏ కిటికీలు, ఏ తలుపులు సరిగ్గా పడవు? నేల మీదున్న పరికరాల్లో ఏవి ఎత్తులో పెట్టాలి? రిజిస్టర్లు ఏ గదికి మార్చాలి? జనరేటర్‌కి డీజిల్ ఎంతుంది? తాళాలు ఎవరి దగ్గరున్నాయి, ఆ మనిషి ఊళ్లో లేకపోతే రెండో సెట్ ఎక్కడుంది? సెలవు రోజున ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి? వీటికి జవాబులన్నీ వాచ్‌మన్ నుంచి, ల్యాబ్ అసిస్టెంట్ నుంచి వస్తాయి. ప్రొఫెసర్లు రాసుకుంటారు. ఆ ఒక్క గంటలో గదిలో గాలి మారిపోవడం నేను రెండుసార్లు కళ్లారా చూశాను.

7. మీటింగ్ నడిపే పద్ధతి.

అధ్యక్షత నెలకొకరు. ఒక నెల టీచింగ్, మరో నెల నాన్-టీచింగ్. ప్రతి విషయం మీదా ముందు మాట్లాడేది హోదాలో చిన్నవారు, చివర మాట్లాడేది సీనియర్ ప్రొఫెసర్. ప్రొఫెసర్ ముందు మాట్లాడితే తర్వాత అందరూ "సార్ చెప్పినట్టే" అంటారు.

మాటలు తెలుగులో నడవాలి. ఎజెండా, మినిట్స్ కూడా తెలుగులోనే రాయండి. 1966 అధికార భాషా చట్టం ప్రకారం రాష్ట్ర అధికార భాష తెలుగే, కాబట్టి దీనికి ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. ఇంగ్లిష్‌లో రాసిన మినిట్స్ మీద అటెండర్ చేత సంతకం పెట్టించడం చాలా అన్యాయం. ఏం రాశారో తెలియకుండా పెట్టిన సంతకం అది.

ఓట్లు వేయించకండి. ముగ్గురు ముగ్గురుగా చీలిపోతే ఆ గీత తర్వాత చెరగదు. ఒప్పుదల కుదరకపోతే రెండు అభిప్రాయాలూ రాసి హెడ్‌కి పంపండి.

8. మినిట్స్ ఇలా రాయండి.

ఒక్కో విషయానికి ఐదు గళ్లు చాలు: విషయం, ఎవరు తెచ్చారు, ఏం అనుకున్నారు, ఎందుకు, ఎవరు ఎప్పటికి చేయాలి. ఒక ఉదాహరణ:

విషయం: సోమవారం ల్యాబ్ వేళ.
తెచ్చినవారు: ల్యాబ్ అటెండర్ సభ్యుడు.
అనుకున్నది: సోమవారం ప్రాక్టికల్స్ మధ్యాహ్నం రెండుకు మార్చాలి, థియరీ క్లాసులు పొద్దున్నకు తేవాలి.
ఎందుకు: ఆదివారం నీళ్లు ఎక్కించరు, డిస్టిల్డ్ వాటర్ పదకొండున్నర దాకా రాదు.
చేయాల్సినవారు: టైమ్‌టేబుల్ ఇన్‌చార్జి, వచ్చే శుక్రవారంలోగా.

"చర్చించడమైనది", "తగు చర్యలు తీసుకొనవలెను" అనే వాక్యాలు రాయకండి. ఎవరు, ఎప్పటికి అనేది లేని మినిట్స్ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మీటింగ్ ముగిసే ముందు రాసింది బిగ్గరగా చదివి వినిపించి, అక్కడికక్కడే అందరి సంతకాలు తీసుకోండి. మర్నాడు ఇంట్లో కూర్చుని అందంగా తిరగరాస్తానంటే ఒప్పుకోకండి.

నోటీసు బోర్డులో ఎందుకు పెట్టాలని ఎవరైనా అడిగితే సమాచార హక్కు చట్టం, 2005 గుర్తుచేయండి. ప్రభుత్వ సంస్థలు తమ కమిటీల వివరాలు, వాటి మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయా లేదా అన్నది ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సెక్షన్ 4 చెబుతుంది. మనం చేసేది కొత్తేమీ కాదు.

9. హెడ్ జవాబు వచ్చేదాకా వదలకండి.

పది పనిరోజులు అన్నాం కదా. పదకొండో రోజు ఆ నెల అధ్యక్షత వహించినవారు వెళ్లి నోట్‌బుక్ హెడ్ ముందు పెట్టాలి. "సరే" అయితే సంతకం. "కాదు" అయితే ఎందుకో ఒక్క వాక్యం. "బడ్జెట్ లేదు, ఏప్రిల్‌లో చూద్దాం" అని రాసినా అది మంచి జవాబే. దాన్ని పట్టుకుని ఏప్రిల్‌లో అడగొచ్చు. ఏమీ రాయకుండా "చూద్దాంలెండి" అంటేనే కమిటీ చచ్చిపోతుంది. అందుకే రెండో మెట్టులో ఆ షరతు వదలొద్దన్నాను.

కారణం రాసిచ్చిన "కాదు"ను అటెండర్లు కూడా గౌరవంగా ఒప్పుకుంటారు. ఒకసారి ఆఫీసు కౌంటర్ మధ్యాహ్నం మూయాలని కమిటీ అంది. దూరం నుంచి వచ్చే పిల్లలు ఆ వేళకే చేరతారని హెడ్ కాదన్నారు, కారణం రాశారు. జూనియర్ అసిస్టెంట్ ఆ కాగితం చదివి, "ఇది నాకు తట్టలేదండి" అని, భోజనానికి ఇద్దరూ వంతులవారీగా వెళ్లే పద్ధతి తనే పెట్టింది.

10. హెడ్ మారినప్పుడు.

పాత హెడ్ దిగే ముందు వారంలో చివరి మీటింగ్ పెట్టి, మిగిలిన పనుల జాబితా రాయించి, ఛార్జ్ అప్పగింత కాగితాల్లో నోట్‌బుక్‌ని కూడా చేర్పించండి. తాళాలు, స్టాక్ రిజిస్టర్లతో పాటు ఇదీ ఒక వస్తువుగా చేతులు మారాలి. కొత్త హెడ్‌ని మొదటి నెల మీటింగ్‌కి అతిథిగా పిలవండి, వినమనండి. ఆ తర్వాత సర్క్యులర్ ఆయన సంతకంతో మళ్లీ వేయించండి.

ఎక్కువగా జరిగే తప్పులు

వాట్సాప్ గ్రూపు పెట్టి అదే కమిటీ అనుకోవడం. గ్రూపులో హెడ్ మెసేజ్ పెట్టగానే పదిహేను దండాలు పడతాయి, అభిప్రాయం ఒక్కటీ రాదు. పైగా కొందరి దగ్గర చిన్న ఫోన్లే ఉంటాయి. గ్రూపు తేదీ గుర్తుచేయడానికి పనికొస్తుంది, అంతకంటే వద్దు.

సంఘం నాయకులనే సభ్యులుగా పెట్టడం. వాళ్లు మంచివాళ్లు కాదని కాదు. వాళ్లకి పీఆర్సీ (జీతాల సవరణ), పెన్షన్, రెగ్యులరైజేషన్ లాంటి పెద్ద బరువులున్నాయి. ల్యాబ్ తాళం చెవి గురించి మాట్లాడుతుంటే అవి వచ్చి మీద పడతాయి. సంఘాన్ని మాత్రం మొదటే కలిసి, ఇది మీకు పోటీ కాదని చెప్పండి. చెప్పకపోతే అనుమానిస్తారు, అనుమానించడం సహజం.

మాట్లాడినవారిని తర్వాత ఇబ్బంది పెట్టడం. ఇది తప్పుల్లోకెల్లా పెద్ద తప్పు. ఒక టెక్నీషియన్ మీటింగ్‌లో పరికరం మరమ్మతు ఆలస్యం గురించి చెప్పాడు. మరుసటి వారం అతన్ని వేరే బిల్డింగ్‌కి మార్చారు. కారణం వేరే అన్నారు, అయ్యుండొచ్చు కూడా. కానీ ఆ తర్వాత ఐదు నెలలు ఎవరూ నోరు విప్పలేదు. కమిటీ సభ్యుల డ్యూటీ మార్పులు ఏవైనా ఉంటే ముందుగా కమిటీకి చెప్పాలన్న మాట సర్క్యులర్‌లోనే చేర్చుకోండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మీరు మొదటే చేయండి.

టీచింగ్ వాళ్లు సలహా పేరుతో పాఠం చెప్పడం. అలవాటు కొద్దీ జరుగుతుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు అని పెట్టుకుంటే సర్దుకుంటుంది.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఆరు నెలలకోసారి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చోండి. "ఎవరు తెచ్చారు" అనే గడి మాత్రమే వరుసగా చదవండి. పదింటిలో నాలుగైనా నాన్-టీచింగ్ నుంచి రాకపోతే వాళ్లు కూర్చుంటున్నారు గానీ మాట్లాడటం లేదు. తర్వాత హెడ్ రాసిన జవాబులు చూడండి. అన్నీ "సరే" అయితే మీరు తేలిక విషయాలే తెస్తున్నారు. అన్నీ ఖాళీ అయితే తొమ్మిదో మెట్టు తప్పింది.

రెండో పరీక్ష ఇంకా తేలిక. కమిటీలో లేని ఒక స్వీపర్‌నో, గెస్ట్ లెక్చరర్‌నో వరండాలో ఆపి, "పోయిన నెల కమిటీలో ఏం అనుకున్నారో తెలుసా?" అని అడగండి. ముగ్గురిలో ఇద్దరికి తెలియకపోతే మినిట్స్ బోర్డు మీదకు వెళ్లడం లేదు, లేదా బోర్డు అద్దాల వెనక, చీకటి మూలలో ఉంది. బోర్డును హాజరు రిజిస్టర్ పక్కకు మార్చండి. అక్కడికి అందరూ రోజుకు రెండుసార్లు వస్తారు.

మూడోది, కమిటీ వల్ల మారిన ఒక నిర్ణయం పేరు చెప్పమని సభ్యులందరినీ విడివిడిగా అడగండి. ఆరుగురూ ఒకటే చెబితే ఆ ఒక్కటే జరిగిందన్నమాట.

తరచూ అడిగే రెండు ప్రశ్నలు

విద్యార్థులను పెట్టొచ్చా? పెట్టొచ్చు, కానీ మొదటి ఏడాది వద్దని నా అభిప్రాయం. పిల్లల ముందు స్టాఫ్ తమలో తాము నిజాలు మాట్లాడుకోవడానికి మొహమాటపడతారు. ఏడాది నిలబడ్డాక ఒక రీసెర్చ్ స్కాలర్‌ని, ఒక పీజీ విద్యార్థిని పిలవండి.

ఔట్‌సోర్సింగ్ సిబ్బంది మన ఉద్యోగులు కారు కదా, వాళ్లెలా సభ్యులవుతారు? జీతం ఏజెన్సీ ఇస్తుంది, నిజమే. గదులు ఊడ్చేది, రాత్రి గేటు కాసేది మాత్రం మన డిపార్ట్‌మెంట్‌లోనే. సర్వీసు విషయాలు ఇక్కడ మాట్లాడం కాబట్టి చిక్కు రాదు. "సభ్యుడు" అనే మాటకు ఆఫీసులో ఎవరైనా అభ్యంతరం చెబితే "శాశ్వత ఆహ్వానితులు" అని రాయండి, కుర్చీ మాత్రం అదే వరసలో వేయండి. నోట్‌బుక్‌లో వాళ్ల సంతకానికి కూడా జాగా వదలండి.